అద్దాలక్క కుడిచేయి

నాకు ముక్కు మీదే కోపం. ఎవరైనా నా పనిని మాలిష్ అన్నారంటే ఇక చెప్పక్కర్లేదు. నేను ఫిజియోథెరపిస్టుని, అందులోనూ చేతుల మనిషిని. తెగిన వేళ్ళు, నలిగిన మణికట్లు, కుట్లు పడ్డ అరచేతులు నా బల్ల మీదికి వస్తాయి. వచ్చేటప్పుడు చెంచా కూడా పట్టుకోలేని చేయి, పోయేటప్పుడు నా చేయి పట్టుకుని గట్టిగా ఊపి పోతుంది. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదా అంటే, అవును, గొప్పలే. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఈ గొప్ప ఒక్క మనిషి దగ్గర మాత్రం చెల్లేది కాదు. ఆవిడ మా ఆయన అక్క, నాకు వదిన. మా మామగారు పెట్టిన అద్దాల కొట్టును ఆయన పోయాక తనే నడుపుతోంది. కిటికీ అద్దాలు, పటాల అద్దాలు, నిలువుటద్దాలు, ఏదైనా సరే, కొలత చెప్తే చాలు. కటర్‌తో ఒక్క గీత గీసి, రెండు చేతులతో టక్కున విరిచి చేతిలో పెడుతుంది. ఆవిడ కోతకు వంక పెట్టినవాళ్ళను నేను చూడలేదు. అందరూ ఆవిడను అద్దాలక్క అంటారు. ఆవిడ నన్ను వేళ్ళమ్మ అంటుంది.

"ఏమే వేళ్ళమ్మా, ఇవాళ ఎంతమంది వేళ్ళు లాగావు?" అని నలుగురిలో అడిగి నవ్వేది.

"లాగితే ఊడొస్తాయి వదినా, లాగను," అని నేనూ ఊరుకునేదాన్ని కాదు. సరిగ్గా ఆ సమయానికే మా ఆయనకు పక్క గదిలో ఏదో పని గుర్తొచ్చేది.

అలాంటి వదిన ఒకరోజు కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని మా ఆసుపత్రిలోకి నడిచి వచ్చింది. తువ్వాలు ఎర్రగా తడిసిపోయి ఉంది. ఆవిడ కంట్లో మాత్రం చుక్క నీరు లేదు. వెనకాల ఆవిడ భర్త. నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను, నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని ఏడుస్తూ వచ్చారు.

పైభాగం వంపు తిరిగిన కిటికీ ఒకటి ఉందట. దానికి అద్దం కోసింది. కోసిన అద్దం బల్ల అంచు నుంచి జారింది. చేయి పెట్టి పట్టుకుంది. చూపుడువేలు, మధ్యవేలు, రెండూ మొదట్లో లోపలివైపు తెగాయి.

"నరాలు తెగాయటే," అంది.

"నరాలు కాదు వదినా, టెండన్లు," అన్నాను. అంత కంగారులోనూ సరిదిద్దకుండా ఉండలేకపోయాను. నా బుద్ధి అంతే.

వేలు వంగాలంటే ముంజేతిలో కండరం లాగాలి. ఆ లాగుడును వేలి కొసదాకా మోసుకెళ్ళే తాడే టెండన్. పైజామా నడుములో బొందు జారినట్టు, అది వేలి లోపల ఒక సన్నటి గొట్టంలో జారుతూ ఉంటుంది. తెగిన తాడును సర్జన్ కుట్టగలడు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. కుట్టిన చోట బలం ఉండదు, గట్టిగా లాగితే మళ్ళీ తెగుతుంది. తెగుతుందేమోనని కదలకుండా కట్టేస్తే గొట్టానికి అతుక్కుపోతుంది, ఆ వేలు ఇక వంగదు. మొదటి వారాలన్నీ ఈ రెండు గండాల మధ్యే నడవాలి. ఆ నడిపించడమే నా పని.

ఆపరేషన్ బాగా జరిగింది. మా సర్జన్ గారి కుట్టుకు నేను దండం పెడతాను. పేచీ అంతా కుట్టు తర్వాత ఏం చెయ్యాలన్న దగ్గర వచ్చింది.

"మీ వదినగారిని చూశాను మేడమ్," అన్నారాయన. "మత్తు దిగగానే కొట్టు తాళాలు అడిగారు. ఇలాంటివాళ్ళని వేలు కదపమంటే పనే మొదలెడతారు. కదలకుండా కట్టేద్దాం."

"కట్టేస్తే అతుక్కుపోతుంది సార్. ఇక కటర్ పట్టుకునే మాటే ఉండదు."

"తెగితే? రెండోసారి కుడితే ఇంత బాగా రాదు, మీకూ తెలుసు. ఏదో గిన్నె జారిందనుకోండి, ఆవిడ చేయి దానంతటదే పోతుంది. అంతటితో సరి."

"తెగనివ్వను."

"ఇది మీ మాటా, ఆవిడ మాటా?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది కాబట్టే మండింది. ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటీ వినని మనిషి తరఫున నేను మాటిచ్చేస్తున్నాను. "ఇద్దరిదీ," అన్నాను. ఆయన సరే కానివ్వండి అన్నారు.

బయటికి వచ్చాక లెక్క వేసుకున్నాను. ఆ వేళ్ళు పోతే కొట్టు మూతపడుతుంది. అన్నయ్యగారికి మోయడం, బిగించడం వచ్చు గాని కోత రాదు. అసలు కొట్టు మాట అటుంచి, కటర్ లేని అద్దాలక్కను నేను ఊహించుకోలేకపోయాను. అలా జరిగితే ఆ ఇంటి గుమ్మం తొక్కే మొహం నాకుండదు.

మొదటి పని స్ప్లింట్ చెయ్యడం. ప్లాస్టిక్ పలకను వేడినీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది. కత్తిరించి చేతి వెనకవైపు పరిచి, చల్లారేదాకా అదిమి పట్టుకుంటే ఆ చేయి వంపులోనే గట్టిపడుతుంది. వేళ్ళు లోపలికి వంగొచ్చు, వెనక్కి పూర్తిగా చాపుకోవడానికి మాత్రం వీలుండదు. నేను నీళ్ళు కాచి, పలక తీసి కత్తిరిస్తున్నాను. వదిన మంచం మీంచి వంగి చూసింది.

"ఏంటే ఆ కోత? ఎలుక కొరికినట్టుంది."

"ఇది చేతికి వదినా, షోకేసుకి కాదు."

"చేతికైతే మాత్రం? పదిమంది చూస్తారు. అద్దాలక్క చేతికి ఈ అంచా? మళ్ళీ కొయ్యి."

పళ్ళు కొరుక్కుంటూ కొత్త పలక తీశాను. ఒళ్ళు దగ్గర పెట్టుకుని కోశాను. అయినా బొటనవేలి వైపు అంచు మళ్ళీ వంకర పోయింది. ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంట్లో ఆవిడకు చేతిలో పని లేక పిచ్చెక్కింది. జడ వేసుకోలేదు, బొత్తాం పెట్టుకోలేదు. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా ముందు తలదువ్వి జడ వేసేదాన్ని, ఆ తర్వాతే వేళ్ళ దగ్గరికి వచ్చేదాన్ని. "ఎలుక అంచులే అనుకున్నా, ఎలుక తోకలు కూడా నేర్చావా," అని జడ ముందుకు వేసుకుని చూసుకునేది. నాకూ నవ్వొచ్చేది గాని ఆవిడ ముందు నవ్వేదాన్ని కాదు.

వేళ్ళ పాఠం చూడ్డానికి చిన్నపిల్లల ఆట. ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళను మెల్లగా లోపలికి వంచాలి. తర్వాత ఎడమచేయి తీసేసి, వంగిన వేళ్ళను అలాగే, బలం పెట్టకుండా, కాసేపు నిలపాలి. అంతే. ఆ బలం పెట్టకపోవడమే ఎవరికీ చేతకాదు. పనిచేసే చేతులకు అసలే చేతకాదు. ఎడమచేయి తీసీ తియ్యగానే వదిన పిడికిలి బిగించబోయింది.

"బిగించొద్దు!" అని అరిచాను.

"నిలపమన్నావు కదే?"

"నిలపండి. పట్టు పట్టకండి."

"పట్టు లేకుండా నిలపడమేంటే, నా తలకాయ! చేయి కదలాలంట, పని చెయ్యకూడదంట. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?"

చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినట్టు చెప్పాను. కాగితం మీద బొమ్మ గీశాను. కోడిగుడ్డు పట్టుకున్నట్టు అన్నాను. ఏం లాభం లేదు, నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి విసుగెత్తి, "అద్దం మీద కూడా కటర్‌ని ఇలాగే పట్టి నొక్కుతారా?" అన్నాను. దెప్పడానికే అన్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఎవరైనా నొక్కుతారటే? నొక్కితే గీత చెడుతుంది, అద్దం ఎక్కడపడితే అక్కడ పగులుతుంది. చేతి బరువు ఆనించి లాగడమే. అద్దానికి తెలిస్తే చాలు."

"ఈ వేళ్ళకీ అంతే. తెలిస్తే చాలు."

ఆవిడ తన చేతి వంక చూసుకుంది. వేళ్ళు వంచి, ఎడమచేయి తీసింది. అవి అలాగే, తేలికగా, గాలిలో కటర్ పట్టుకున్నట్టు నిలిచాయి. ముంజేతి మీద నా వేలు ఆనించి చూశాను. ఎంత బలం కావాలో అంతే ఉంది, పిసరంత ఎక్కువ లేదు. అంత చక్కగా చేసినవాళ్ళను నా బల్ల దగ్గర వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"ఇదా! ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా?" అంది వదిన.

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. ఆ రోజంతా నేను ఈల వేసుకుంటూ తిరిగానని మా నర్సమ్మ ఇప్పటికీ చెప్తుంది.

నా సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒకరోజు స్ప్లింట్ పట్టీలు సరిచేస్తుంటే నా కత్తెర బల్ల అంచు నుంచి జారింది. వదిన కుడిచేయి స్ప్లింట్‌తో సహా దాని వెంట దూకింది. నేను ఆవిడ మోచేతిని ఒడిసి పట్టుకున్నాను. కత్తెర ఠంగుమని నేల మీద పడింది. వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూపించమన్నాను. చూపుడువేలు వంగింది. మధ్యవేలు వంగింది. కుట్టు నిలిచింది.

అప్పుడు తిట్టాను చూడండి, ఆసుపత్రి అంతా తలుపుల్లోంచి తొంగిచూసింది. ఆవిడ తలెత్తలేదు. మాటకు మాట అనలేదు. ఆ తీరు చూసి నేనే ఆగిపోయాను.

"నాన్న నాకు నేర్పిన మొదటి పని కోత కాదే," అంది చివరికి. "పడే అద్దాన్ని పట్టుకోకపోవడం. పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్తూ చెప్తూ, చెప్పాపెట్టకుండా ఓ పనికిరాని ముక్కని బల్ల మీంచి తోసేవాడు. నా చేతులు గుండెల మీదికి రావాలి, కాళ్ళు వెనక్కి పోవాలి. చేతులు ముందుకెళ్ళాయో, ఆ రోజుకి కటర్ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"మరి ఆ కిటికీ అద్దాన్ని ఎందుకు పట్టుకున్నారు?"

"అంత బాగా కోశానే! ఆ వంపు మళ్ళీ అలా వస్తుందా అనిపించింది. నా బల్ల మీంచి అద్దం జారడమేంటన్న పొగరు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేయి తెగిన రోజు కూడా రాని నీళ్ళు. "నాన్న ఉంటే చెంప పగలగొట్టేవాడు."

ఆ పొగరు ఎలాంటిదో నాకెవరూ చెప్పక్కర్లేదు. నేను ఆవిడ కళ్ళు తుడిచి, మర్నాటి నుంచి మామగారి పాఠాన్ని నా గదిలో పెట్టాను. కబుర్లాడుతూ ఆడుతూ ఓ దూది ఉండను బల్ల మీంచి తోసేదాన్ని. మొదట్లో ఆవిడ భుజం ముందుకు ఉలిక్కిపడేది. పోనుపోనూ దూది అంచు దాటేలోపే చేయి గుండెల మీదికి చేరేది. మిగతా రోగులు మా ఇద్దరికీ పిచ్చి పట్టిందనుకున్నారు. సర్జన్ గారు ఓసారి గుమ్మంలో నిలబడి చూశారు.

"ఇది ఏ పుస్తకంలో ఉంది మేడమ్?"

"మా మామగారి పుస్తకంలో సార్," అన్నాను. వదిన మొహం వెలిగిపోయింది.

వేళ్ళు రోజురోజుకూ బాగుపడ్డాయి. నేను కోణం కొలిచే పరికరం పెట్టి చూస్తుంటే ఆవిడ మెడ సాచి, "నిన్నటికంటే ఎక్కువే కదూ?" అని పిల్లలా అడిగేది. ఎక్కువే. అయితే బాగుపడే రోజుల్లోనే భయం ఎక్కువ. వేలు వంగుతోంది కదా అని మనిషి ధీమా పడతాడు, లోపల కుట్టుకు ఇంకా ఆ బలం వచ్చి ఉండదు. స్ప్లింట్ తీసే రోజు ఇంకా రాలేదు.

ఒక ఆదివారం ఫోన్ చేసింది. స్ప్లింట్ బొటనవేలి పక్కన ఒరుసుకుంటోందట. "నువ్వు వంకరగా కోసిన వైపే," అని గుర్తుచేసి మరీ పెట్టేసింది. నా సరంజామా తీసుకుని కొట్టుకు వెళ్ళాను. కొట్టుకు సెలవు, తలుపు ఓరగా వేసి ఉంది. కెటిల్‌లో నీళ్ళు పెట్టి, కోతబల్ల మీద శుభ్రమైన తువ్వాలు పరిచి, స్ప్లింట్ విప్పాను. వదిన చేతిని తువ్వాలు చుట్ట మీద వంచి ఉంచి, కదపొద్దని చెప్పి, అంచును నీళ్ళలో ముంచుతున్నాను. ఆ చేతికి ఇప్పుడు ఏ కాపూ లేదు.

మేం కూర్చున్న బల్ల పక్క గోడకు మామగారి అద్దం ఉండేది. కొట్టు పెట్టిన రోజు ఆయన కోసిన మొదటి నిలువుటద్దం. ఆయన పోయాక దాన్ని వదిన తప్ప ఎవరూ ముట్టుకున్నది లేదు. ఇప్పుడు తుడిచే పని అన్నయ్యగారి మీద పడింది. స్టూలెక్కి పైఅంచు మీద దుమ్ము తుడుస్తున్నారు. గోడలో మేకు వదులైన సంగతి ఎవరికీ తెలియదు.

"అయ్యయ్యో!" అని ఆయన కేక. తల తిప్పేసరికి అద్దం గోడను వదిలేసి మా మీదికి వాలుతోంది. నాకు తోచింది ఒక్కటే, అది మామగారి అద్దం. రెండు చేతులూ చాపి ముందుకు దూకాను.

ఎవరో నా జడ పట్టుకుని వెనక్కి గుంజారు. "పట్టుకోకే!" అన్న వదిన అరుపూ, అద్దం పగిలిన చప్పుడూ కలిసిపోయాయి. ఇద్దరం వెళ్ళి వెనక గోడకు కొట్టుకున్నాం.

చప్పుడు ఆగాక చూశాను. నేను కూర్చున్న కుర్చీ నిండా గాజుపెంకులు. నా చేతులు ఉండాల్సిన చోట, బల్ల మీద, కత్తిలాంటి పొడవాటి ముక్క పడి ఉంది. వదిన ఎడమచేతిలో ఇంకా నా జడ ఉంది. కుడిచేయి ఆవిడ గుండెల మీద ఉంది. మణికట్టు వంచి, వేళ్ళు తేలికగా ముడిచి, కటర్ పట్టుకున్నట్టు.

"వేళ్ళు," అన్నాను. "వదినా, వేళ్ళు చూపించండి."

చూపుడువేలు వంచింది. మధ్యవేలు వంచింది. చివరి కణుపులు కూడా కదిలాయి. నేను ఆ గోడ పక్కనే కూలబడి భోరుమన్నాను.

"ఏడవకే, పిచ్చిమొద్దూ!" అని అందుకుంది. "నీ చేతులు తెగితే నా చేయి ఎవరు బాగుచేస్తారు? నీ బల్ల దగ్గర కూర్చున్న వాళ్ళందరి గతేంటి? వేళ్ళతో బతికేదానివి, వేళ్ళు ముందుకి పెడతావటే? బుద్ధుందా?" కత్తెర పడిన రోజు నేను తిట్టిన తిట్లన్నీ ఏ ఒక్కటీ తగ్గకుండా తిరిగొచ్చాయి. ఏ తిట్టుకూ నేను నొచ్చుకోలేదు.

అన్నయ్యగారు స్టూలు మీదే బిగుసుకుపోయారు. "మీ నాన్నగారి అద్దం..." అని గొణిగారు.

"అద్దం ఇంకోటి కోసుకోవచ్చండీ. దీని చేతులు ఎక్కడ్నుంచి తెస్తాం?" అంది వదిన. తర్వాత ఆ పెంకుల వైపు చూస్తూ, తనలో తను అనుకున్నట్టు, "ఆ రోజు నీ మాట వినలేదు నాన్నా. ఇవాళ విన్నాను," అంది.

నేను స్ప్లింట్ సరిచేసి ఆవిడ చేతికి కట్టేశాను. మర్నాడు సర్జన్ గారు ప్రతి కణుపూ పరీక్షించి చూశారు. జరిగిందంతా విన్నారు. "ఇద్దరి మాటా నిలిచింది మేడమ్," అన్నారు. నా ఉద్యోగంలో నాకు శాలువాలు కప్పినవాళ్ళున్నారు. ఈ ఒక్క మాట ముందు అవన్నీ దిగదుడుపే.

తర్వాత స్ప్లింట్ తీసేశాం. మెత్తటి బంకముద్ద పిసకడం, బొత్తాలు పెట్టడం, నీళ్ళ చెంబు ఎత్తడం, ఒక్కో మెట్టూ ఎక్కించాను. ఇక కటర్ పట్టుకోవచ్చని నేను చెప్పిన రోజున సెలవు పెట్టి మరీ కొట్టుకు వెళ్ళాను.

కొట్టులో కొనేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వదిన బల్ల మీద పలక పరిచింది. కొలబద్ద ఆనించింది. కటర్ చేతిలోకి తీసుకుంది. వేళ్ళు వచ్చి దాని చుట్టూ సర్దుకున్నాయి. మధ్యవేలి చివరి కణుపు మునుపటంత వంగదు. ఆ కొరత నాకు ఇప్పటికీ ఉంది, ఆవిడకు లేదు. గీసింది. సన్నటి కీచుశబ్దం మొదటి నుంచి చివరిదాకా తగ్గకుండా, పెరగకుండా నడిచింది. రెండు చేతులతో పట్టుకుని విరిచింది. టక్.

అంచును వెలుగుకు ఎత్తి చూసి, నా మొహం ముందు పెట్టింది. "చూడవే. ఎలుక కొరికిందా?"

తల అడ్డంగా ఊపాను.

మామగారి అద్దం ఉన్న చోట గోడ ఖాళీగానే ఉంది. ఇప్పుడు కోసింది అక్కడికే అనుకున్నాను. కాదు, అది ఎవరో కొనుక్కున్నది. అన్నయ్యగారు మాత్రం ఆ గోడకు కొత్త మేకు ఒకటి కొట్టి ఉంచారు. వదిన సొరుగులోంచి ఏదో తీసింది. నేను చేసిన స్ప్లింట్. పట్టీలు ఉతికి ఉన్నాయి. దాన్ని తీసుకెళ్ళి, వంకర అంచు బయటికి కనపడేలా, ఆ మేకుకు తగిలించింది.

"వదినా! తీసెయ్యండి. ఆ కోత అందరూ చూస్తే నా పరువేం కాను?"

"చూడనీ," అంది. అన్నయ్యగారు మేకును రెండుసార్లు లాగి చూసి, గట్టిగానే ఉందని తల ఊపారు.

పటం కోసం వచ్చిన ఒకావిడ అడగనే అడిగింది. "ఏంటక్కా అది?"

"మా మరదలి పని," అంది వదిన, వీధిలోకి వినపడేంత గొంతుతో. "దానికి కోత రాదు, చూస్తున్నావుగా. కానీ ఇకమీదట ఈ కొట్టులో నేను కోసే ప్రతి అద్దం దాని చేతి చలవే."

అందరూ నా వైపు తిరిగారు. నేను కాదనలేదు.